గ్యారేజీలో ఉల్లిపువ్వు

ఆ శనివారం హార్లన్ టటిల్ పెట్టుకున్న పని ఒకటే. మధ్యాహ్నం ఫుట్‌బాల్ మ్యాచ్ మొదలయ్యేలోగా, బావమరిది రాయిస్ వచ్చి సోఫాలో కూలబడేలోగా, ఎవరి కంటా పడకుండా ఒక ఉల్లిపువ్వు చేయాలి. పెద్ద ఉల్లిగడ్డను అడుగున వేరు తెగకుండా రేకులు రేకులుగా కోసి, కారం కలిపిన పిండి పట్టించి, కరకరలాడేలా వేయించే వంటకం అది. దక్షిణ జార్జియాలో వాళ్ళ ఊరి చుట్టూ పండేదంతా తియ్య ఉల్లే. మ్యాచ్ చూడటానికి ఇంటికొచ్చినవాడికి ఉల్లిపువ్వు పెట్టకపోతే ఆ ఊళ్ళో చిన్నతనం. నూనెలో మునిగి తేలి విచ్చుకునే హార్లన్ పువ్వుకైతే ఊరంతా పేరుంది.

కానీ వేసవిలో గుండె డాక్టరు నూనె మాన్పించాడు. అదే రోజు ఆయన భార్య డెల్లా వేపుడు గిన్నెను తన తమ్ముడు రాయిస్‌కి ఇచ్చేసి, దాని చోట నూనెకు బదులు వేడిగాలితో వేయించే ఎయిర్ ఫ్రయర్ ఒకటి తెచ్చిపెట్టింది. రిటైరయ్యేదాకా స్కూలు బస్సుల ఇంజన్లు విప్పి బిగించిన హార్లన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బకెట్టులో హెయిర్ డ్రయర్ పెట్టి అమ్ముతున్నారు" అని తేల్చేశాడు. అదే మాట మంగలి షాపులో అన్నాడు, చర్చి మెట్ల మీదా అన్నాడు. దాంట్లో వండింది తినేకంటే ఉపవాసం ఉంటానని కూడా అన్నాడు. తీరా చప్పిడి తిండితో నాలుక చచ్చిపోయాక, ఒకసారి ప్రయత్నిస్తే తప్పేముందనిపించింది. అయితే ఆ సంగతి డెల్లాకు తెలియకూడదు. తెలిస్తే ఆమె ఏమీ అనదు, నవ్వుతుంది. ఆ నవ్వే ఆయన భరించలేడు.

డెల్లా జుట్టుకు రంగు వేయించుకోవడానికి బయల్దేరింది. ఆమె కారు మలుపు తిరగగానే హార్లన్ సామాను గ్యారేజీకి చేరవేయడం మొదలుపెట్టాడు. ఇంట్లో చేస్తే వాసన పట్టేస్తుంది. ఒక చంకలో ఎయిర్ ఫ్రయర్, ఇంకో చంకలో మడత కుర్చీ, మెడ చుట్టూ డెల్లా పాత పొడుగు మేజోళ్ళు. ఉల్లిగడ్డలు ఒకదానికొకటి తగిలి కుళ్ళిపోకుండా మేజోళ్ళలో వేసి, గడ్డకీ గడ్డకీ మధ్య ముడి వేసి వేలాడదీయడం అక్కడ ఇంటింటా ఉన్నదే. కాకపోతే ఎదురింట్లో మొక్కలకు నీళ్ళు పెడుతున్న ఒపల్‌కు అంత దూరం నుంచి ఉల్లిగడ్డలు ఆనలేదు. కుర్చీ, వంట సామాను, పెళ్ళాం మేజోళ్ళు మోసుకుని ఇల్లు వదిలి గ్యారేజీలోకి పోతున్న మొగుడు కనిపించాడు. ఆవిడ కుళాయి కట్టేసింది.

మొదటి గడ్డకు కత్తి లోతుగా దిగి, రేకులన్నీ విడిపోయి బల్లంతా దొర్లాయి. రెండోది నిలబడింది. గుడ్డూ పాలూ కలిపినదాంట్లో ముంచి, పిండి పట్టించి యంత్రంలో పెట్టాడుగానీ, పైన కాస్త నూనె చిలకరించాలన్న ఆలోచన రాలేదు. పొడి పిండంతా లోపల సుడి తిరిగింది. తొట్టి బయటికి లాగగానే ఆ వేడిగాలి పిండితో సహా ముఖాన కొట్టింది. పిండిలో కారం ఉంది. కళ్ళు మండిపోయి చేతికి దొరికిన మేజోళ్ళతో తుడుచుకుంటూ కుర్చీలో కూర్చుండిపోయాడు. సరిగ్గా అప్పుడే పక్క తలుపు తోసుకుని ఒపల్ వచ్చింది.

"ఏమిటి నాయనా ఇది?"

"ఏం లేదండీ."

"డెల్లా ఏది?"

"వెళ్ళింది."

"నీకు చెప్పే వెళ్ళిందా?"

"మొన్ననే చెప్పింది, శనివారం పొద్దున్నే పోతానని."

ఒపల్ గుండె మీద చెయ్యి వేసుకుంది. "మరి నువ్వు ఇలా గ్యారేజీలో..."

"ఇంట్లో అయితే ఊరుకుంటుందా? అందుకే ఇక్కడికి మారాను. మీకు పుణ్యముంటుంది, ఎవరికీ చెప్పకండి. పరువు పోతుంది."

ఎవరికీ చెప్పనని ఒపల్ మాట ఇచ్చింది, నిలబెట్టుకుంది కూడా. ఎందుకంటే ఆవిడ లెక్కలో పాస్టర్‌కు చెప్పడం చెప్పడం కిందికి రాదు. ప్రార్థన చేయండమ్మా అని చర్చి ఆడవాళ్ళందరికీ ఫోన్ చేయడం అసలే రాదు.

పాస్టర్ గ్రేడీ వచ్చేసరికి హార్లన్ మూడో గడ్డతో కుస్తీ పడుతున్నాడు. ఈసారి కోసిన గడ్డను ఐసు నీళ్ళలో నానబెడితే రేకులు తమంతట తామే విచ్చుకున్నాయి. పిండి పట్టించాక, బస్సుకు రంగు కొట్టినంత శ్రద్ధగా నూనె చిలకరించి, యంత్రంలో పెట్టి మీట నొక్కాడు. వెనక్కి తిరిగితే పాస్టర్.

"ఒపల్ గారు చెప్పారు," అన్నాడు పాస్టర్ మెల్లగా.

"చెప్పేసిందా." యంత్రం గుట్టు ఊరంతా తెలిసిపోయిందనుకుని హార్లన్ కుర్చీలో కూలబడ్డాడు.

"సిగ్గుపడకండి. ఇదంతా ఎప్పుడు మొదలైంది?"

"వేసవిలో. ఇంట్లోకి కొత్తది వచ్చినప్పటి నుంచీ."

పాస్టర్ గొంతు సవరించుకున్నాడు. "కొత్తది వచ్చిందా. డెల్లా గారికి తెలుసా?"

"తెలియకేం. తీసుకొచ్చిందే తను."

పాస్టర్ జేబులోంచి రుమాలు తీసి నుదురు తుడుచుకున్నాడు.

"దాన్ని నేను తిట్టని తిట్టు లేదు పాస్టర్ గారూ," అన్నాడు హార్లన్. "నోరు తెరిస్తే వేడిగాలి తప్ప దాంట్లో ఏముంది అని ఊరంతా చెప్పాను. ఇప్పుడు చూడండి, డెల్లా అటు వెళ్ళగానే చాటుగా దాన్నే వెంటేసుకుని ఇక్కడికొచ్చాను. నామీద నాకే అసహ్యంగా ఉంది."

"ఇంతకీ అది ఇప్పుడెక్కడుంది?"

"అదిగో, మీ వెనకాలే."

పాస్టర్ గిరుక్కున తిరిగాడు. గడ్డి కోసే యంత్రం, పాత టైర్లు, బల్ల మీద రకరకాల సామాన్లు, వాటి మధ్య గుయ్యిమంటున్న నల్ల పెట్టె. మనిషి జాడ లేదు. సంసారం చెదిరిన బాధలో హార్లన్‌కు మతి కూడా చలించిందని ఆయనకు అర్థమైంది. భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు ప్రార్థన చేశాడు. ఉల్లిపాయ కోసం ఇంత ప్రార్థన ఎందుకో హార్లన్‌కు అంతు పట్టలేదుగానీ, మర్యాదకు కళ్ళు మూసుకున్నాడు. తర్వాత పాస్టర్ బయటికి వెళ్ళి, ఆయన్ని ఒంటరిగా వదలడం మంచిది కాదని ఒపల్‌తో అన్నాడు. ఒపల్ మళ్ళీ ఫోన్ అందుకుంది.

ఆ ఫోన్లలో ఒకటి డెల్లా కూర్చున్న బ్యూటీ పార్లర్‌కే వెళ్ళింది. అక్కడికి చేరేసరికి అందులో మిగిలింది రెండే ముక్కలు: హార్లన్ ఏడుస్తున్నాడు, పాస్టర్ పక్కనే ఉన్నాడు. డెల్లాకు తట్టింది ఒకటే. ఇక లాభం లేదని డాక్టరు ఫోన్ చేసి ఉంటాడు. తనకు చెప్పలేక గ్యారేజీలో కూర్చుని ఏడుస్తున్నాడు. సగం తలకు రంగు, నెత్తిన ప్లాస్టిక్ టోపీ, మెడ చుట్టూ తువ్వాలు, అలాగే లేచి కారెక్కింది. దారి పొడుగునా, వేపుడు గిన్నె ఇచ్చేసిన రోజు ఆయన ముఖం ఎలా వాడిపోయిందో అదే గుర్తొచ్చింది.

ఇంటి ముందు కార్లు బారులు తీరి ఉన్నాయి. అల్యూమినియం కాగితం కప్పిన గాజు పళ్ళేలతో చర్చి ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. చావింటికి తప్ప అన్ని పళ్ళేలు రావని డెల్లాకు తెలుసు. రాయిస్ అప్పుడే దిగినట్టున్నాడు, గ్యారేజీ తలుపు బాదుతున్నాడు.

"బావా, తలుపు తియ్యి. మా అక్కను ఏం చేశావు?"

"నాకేమైందిరా?" అంది వెనక నుంచి డెల్లా. రాయిస్ ఆ టోపీని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

తలుపు పైకి లేచింది. పిండి కొట్టుకుపోయిన ముఖం, ఎర్రబడ్డ కళ్ళు, చేతిలో మేజోళ్ళు. హార్లన్ ఎదురుగా ఊరంతా నిలబడి ఉంది.

డెల్లా జనాన్ని తోసుకుని వెళ్ళి ఆయన చొక్కా పట్టుకుంది. "నా దగ్గర దాచకు. ఇంకా ఎంత టైముంది?"

హార్లన్ వంగి యంత్రం మీద అంకె చూశాడు. "ఇంకో నిమిషం."

డెల్లా మడత కుర్చీలో కూలిపోయింది. పాస్టర్ నీళ్ళకోసం చుట్టూ చూసి, ఐసు నీళ్ళ గిన్నె అందుకుని ఆమె ముఖాన చల్లాడు. అందులో ఉల్లి రేకులు కొన్ని ఉన్నాయి. ఆమె కళ్ళు తెరిచేసరికి యంత్రం టింగుమంది.

హార్లన్ తొట్టి లాగాడు. బంగారు రంగులో, అరచెయ్యంత వెడల్పున, ఒక్క రేకు రాలకుండా విచ్చుకుని ఉంది పువ్వు. నిజానికి ఆయన చేసినవాటన్నిటిలోకీ అందంగా ఉంది.

"ఉల్లిపాయా?" అంది డెల్లా.

"నువ్వు నవ్వుతావని..." అన్నాడు హార్లన్.

డెల్లా నవ్వలేదు. మెడలో తువ్వాలు తీసి దానితోనే ఆయన్ని రెండు దెబ్బలు వేసి, ఆ తర్వాత గట్టిగా పట్టుకుని భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఆయన చొక్కాకు జుట్టు రంగు అంటింది, ఆమె చెంపకు పిండి అంటింది. "నువ్వు పోతున్నావనుకున్నానయ్యా," అంది. హార్లన్ ఆమె వీపు నిమురుతూ నిలబడ్డాడు. వేసవి నుంచీ ఆ భయం తనొక్కడికే ఉందనుకున్నాడాయన.

ఈలోగా రాయిస్ ఒక రేకు తుంచి నోట్లో వేసుకున్నాడు. కరకరమన్న చప్పుడు వీధిదాకా వినిపించింది. "బావా, నూనెలో చేసినదానికంటే..." అని మాట సగంలో ఆపి ఇంకోటి తుంచాడు. రుచి తెలుసుకోవడం తన బాధ్యతన్నట్టు పాస్టర్ ఒకటి తీసుకున్నాడు. ఆ తర్వాత ఆడవాళ్ళు మొహమాటపడలేదు. హార్లన్ భార్య కౌగిట్లోంచి తల తిప్పి చూసేసరికి తొట్టిలో వేరు ముక్క మాత్రం ఉంది.

తెచ్చిన పళ్ళేలు తిరిగి పట్టుకెళ్ళడం మర్యాద కాదని ఎవరూ పట్టుకెళ్ళలేదు. డెల్లా ఒక్కొక్క కాగితమే ఎత్తి చూసింది. చీజ్‌లో ముంచిన బంగాళాదుంపలు, వెన్నలో కాల్చిన మాకరోనీ, మీగడలో ఉడికిన చికెన్. డాక్టరు వద్దన్నవన్నీ ఉన్నాయి, ఒక్కటీ తప్పిపోలేదు. "ఇవి నువ్వు ముట్టుకోకు," అంది. అందరూ మ్యాచ్‌కు ఉండిపోయి, పళ్ళేలు ఒడిలో పెట్టుకుని తింటూ కేకలు వేశారు. హార్లన్ మాత్రం మళ్ళీ గ్యారేజీలోకి వెళ్ళి నాలుగో గడ్డ కోసుకున్నాడు.

తను వేళకు కలగజేసుకోబట్టే ఆ సంసారం నిలబడిందని ఒపల్ ఇప్పటికీ చెబుతుంది, ఎవరికీ చెప్పవద్దంటూనే.