ముందుతలుపు తెరిచిన రోజు

తప్పులుంటే మన్నించండి. అక్షరాలు నేను అరవై తొమ్మిదో ఏట, హిల్డా వంటింటి బల్ల దగ్గర నేర్చుకున్నాను. ఈ కాస్త రాయడానికి రెండు వారాలు పట్టింది.

ఆ రోజు హిల్డా, ఆమె మొగుడు వాల్టర్‌ల కౌలు ఉంటుందో పోతుందో తేలిపోవాలి. పదకొండింటికి భూస్వామి ఏజెంటు పికర్స్‌గిల్ వస్తాడు. వంటింట్లో పొగ కనిపించిందంటే, ఇల్లు కాపురానికి పనికిరాదని రాసేస్తాడు. నలభై ఏళ్లుగా ఉంటున్న రాతి ఇల్లు వదిలి పోవలసిందే.

పొగగొట్టంలో కాకులు గూడు పెట్టాయి. మనిషి పట్టేంత వెడల్పున్న పాతకాలపు గొట్టం అది. వాల్టర్ తెల్లవారగానే పొయ్యిలోంచి పైకెక్కాడు. రెండు బస్తాల పుల్లలూ, మూడు తరాల మసీ వంటింట్లోకి దిగాయి.

"ఏజెంటును ఈ దారిన ఎలా తీసుకురాను?" అంది హిల్డా.

"ముందుతలుపు తియ్యి," అన్నాడు వాల్టర్ పైనుంచి.

మా వైపు ముందుతలుపు పెళ్లికూతురికీ, శవపేటికకీ తప్ప తీయరు. అయినా హిల్డా భుజంతో తోసి తీసింది. ముందుగది గోడ మీద తడి మచ్చలు కనబడకుండా కిటికీ తెరలు మూసింది. ఉన్నవాటిలో మంచి గౌను, చావులకి వేసుకునే నల్లది, వేసుకుంది. మసికి కళ్లు ఎర్రబడి కారుతుంటే గుమ్మంలో నిలబడి తుడుచుకుంది.

గొర్రెలు తోలుకుపోతున్న నెడ్ ఆల్డర్సన్ అది చూశాడు. టోపీ తీశాడు. ఏమీ అడగలేదు, ఇలాంటప్పుడు మా వాళ్లు అడగరు. అరగంటలో అతని భార్య థిర్జా, ఉడికించిన పంది తొడ పళ్లెంలో పెట్టుకుని వచ్చింది. వెనకే నెడ్‌తో కలిపి ఇంకో ఆరుగురు.

ఏజెంటు ముందు తన తరఫున నిలబడడానికే వీళ్లంతా వచ్చారనుకుంది హిల్డా. "మీ మేలు మరిచిపోను," అంది.

"ఊరుకో తల్లీ. ఓ ముక్క తిను," అంది థిర్జా.

సరిగ్గా అప్పుడే పికర్స్‌గిల్ వచ్చాడు. గదిని చూసి, చంకలోని కాగితాలు వెనక్కి దాచుకున్నాడు.

నెడ్ అతనికే చెబుతున్నట్టు మొదలుపెట్టాడు. "ఈ గోడలు మూడడుగుల మందం. అయితే ఏం, నిలబెట్టింది వాల్టర్ కదా. కప్పు మీద రాతిపలక జారితే మంచులో ఎక్కి సర్దేవాడు. వరదొచ్చిన ఏడు మా గొర్రెల్ని వీళ్ల వంటింట్లోనే దాచాడు. మొండివాడే గాని మనిషంటే మనిషి."

హిల్డా నిజంగానే ఏడ్చింది. మొగుడి గురించి ఊళ్లో ఒకరు మంచిమాట అనడం ఆమె వినడం అదే మొదటిసారి.

పికర్స్‌గిల్ కిటికీ దిమ్మ మీదే కాగితం పెట్టి రాశాడు. "అమ్మా, ఇలాంటి రోజున వచ్చినందుకు క్షమించండి. మీరు బతికున్నంత కాలం ఈ కౌలు మీ పేరనే." సంతకం పెట్టాడు.

అప్పుడు ముందుగది పొయ్యిలో పుల్లలు రాలాయి. రెండు పొయ్యిలకీ పైన గొట్టం ఒకటే. దిగేటప్పుడు వాల్టర్ ఇటువైపు దిగాడు. కళ్లు తప్ప అంతా నలుపు.

చచ్చాడనుకున్నవాడు లేచొచ్చేసరికి వచ్చినవాళ్లంతా గోడ వైపుకి జరిగారు.

"ఆపేశావేం నెడ్?" అన్నాడు వాల్టర్. "మీ బండి కాలవలో పడితే లాగింది చెప్పలేదు."

"మొదట్నుంచీ వింటున్నావా?" అంది హిల్డా.

"ఇందాకే దిగాల్సింది. దిగబుద్ధి కాలేదు." ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని ఊపాడు. చేతులన్నీ నల్లబడ్డాయి. "ఇంతమంది వస్తారనుకోలేదురా," అన్నాడు మెల్లగా.

అందరూ ఏజెంటు వైపు చూశారు. అతను కాగితం తీసి మళ్లీ చదివాడు.

"హిల్డా గారు బతికున్నంత కాలం అని రాశాను," అన్నాడు. "ఆవిడ బతికే ఉన్నారు. ఆ పళ్లెం ఇటు జరుపుతారా?"

ఇప్పుడా ఇల్లు హిల్డా పేరన ఉంది. వాల్టర్ బూట్లు బయటే విప్పి వస్తున్నాడు.

మార్తా ఇబ్బట్‌సన్, డెబ్బై నాలుగేళ్లు. ఉండేది స్వేల్‌డేల్ లోయలో, హిల్డా ఇంటికి రెండు పొలాల అవతల.