ఒకటి మూస్తేనే ఒకటి

కుర్చీ అల్లే పేజీ పోయింది ఒక గురువారం సాయంత్రం. పోగొట్టింది పరుపులావిడ.

లైబ్రేరియన్ గారు కాలేజీ నుంచి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చోగానే, ఎక్కడి నుంచో ఒకావిడ, "మీ నడుము మీతో ఏం చెబుతోంది?" అని అడిగింది. పరుపుల ప్రకటన. తెర పైఅంచున ట్యాబులు ఎంత ఇరుకుగా ఉన్నాయంటే, ఒక్కోదానికీ పేరు పోయి, పేరులో మొదటి అక్షరం కూడా పోయి, ఒట్టి గీతలు మిగిలాయి. ఆవిడ ఏ గీత వెనక ఉందో తెలిస్తే ఒట్టు.

ఆయన ఒక్కొక్కటే మూస్తూ వచ్చారు. "ఇంకా ఆలోచిస్తున్నారా?" అంది పరుపులావిడ. ఆయనకు పంతం పట్టింది. ఉన్నవన్నీ ఊడ్చేసి, ఆ ఊపులో అంతకుముందు చూసిన పేజీల చరిత్ర కూడా తుడిచేశారు. ఆవిడ నోరు మూతపడింది. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు, కుర్చీ.

వరండా మూల ఉన్న ఇనప కుర్చీ వాళ్లమ్మది. ఆవిడ పోయిన కొన్నాళ్లకు, ప్లాస్టిక్ వైర్లు తెగిపోతున్నాయని, కొత్తగా అల్లుతానంటూ ఆయనే కత్తెర పట్టి అల్లికంతా కోసేశారు. అప్పటి నుంచీ అది చట్రమే. నడుమ నక్షత్రం వచ్చే ఆ పాత అల్లిక ఎలా వెయ్యాలో చూపించే పేజీ, వెతగ్గా వెతగ్గా, ఒక్కటి దొరికింది. రోజూ దాన్ని తెరిచి చూసుకునేవారు. ఇప్పుడు మళ్లీ వెతికితే బుట్టలు అల్లడం వచ్చింది, జడలు అల్లడం వచ్చింది. ఆ కుర్చీ రాలేదు.

"ఏమోయ్!" అని కేకేశారు. "నీ ట్యాబుల తొక్కిసలాటలో పడి నా పేజీ పోయింది!"

ఆయన భార్య డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. రోజంతా పక్క సీట్లో ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చునే మనిషికి ఇంట్లో కేకలు ఒక లెక్క కాదు.

"నా ట్యాబులా?" అంది.

"మరి నావా? మా లైబ్రరీలో మనిషికి ఐదు పుస్తకాలు. ఆరోది కావాలంటే ఒకటి తిరిగివ్వాల్సిందే. ఇవాళ్టి నుంచి ఇక్కడా అంతే. ఐదు ట్యాబులు. ఒకటి మూస్తేనే ఇంకొకటి."

"కంప్యూటర్‌కేనా ఆ రూలు?"

క్రమశిక్షణ మీదికి మాట మళ్లితే ఆయనకు ఒళ్లు తెలియదు. "ఇంట్లో అన్నిటికీ!" అన్నారు.

"విన్నారుగా నాన్నా?"

"రెండు చెవులా విన్నానమ్మా," అన్నారు మామగారు పేపరు వెనక నుంచి. ఆయన అల్లుడితో మాట్లాడేది తక్కువ, అల్లుడి గురించి వినేది ఎక్కువ.

మర్నాడు పొద్దున ఇస్త్రీపెట్టె వేడెక్కలేదు. లైబ్రేరియన్ గారు ఉత్సాహంగా స్క్రూడ్రైవరు తీశారు.

"బ్రేక్!" అంది భార్య. అలవాటు కొద్దీ ఆవిడ కుడికాలు నేలను నొక్కింది కూడా. "ఇప్పటికే ఎన్ని తెరిచి పెట్టారో తెలుసా?"

"ట్యాబులా?"

"పనులు. వంటింటి కుళాయి విప్పారు, గుడ్డ చుట్టి వదిలేశారు. గోడకు బిగించిన అర ఒకవైపే నిలబడింది. బాత్రూము తలుపు నడుం దాకా ఆకుపచ్చ, ఆ పైన పసుపు. హాల్లో బల్బు వేలాడుతోంది. సైకిలు చక్రం మంచం కింద, సైకిలు మేడ మీద."

"ఐదేగా!"

"కుర్చీ?"

ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టారు.

"రూలు మీదే. ముందు మూయండి, తర్వాత ఇస్త్రీపెట్టె."

"మరి నా చొక్కా?"

"పుస్తకాలు చూడ్డానికి వస్తారండీ అక్కడికి. మీ చొక్కా చూడ్డానికి కాదు."

శనివారం ఆయన నడుం బిగించారు. మొదట కుళాయి. గుడ్డ విప్పగానే నీళ్లు నిలువునా లేచి కప్పును తాకాయి.

"క్లచ్చు! ముందు క్లచ్చు!" అని అరిచింది భార్య గుమ్మంలోంచి.

"ఇందులో క్లచ్చెక్కడిదే?"

"ట్యాంకు వాల్వండీ!"

తర్వాత అర. రెండో వైపు మేకు దిగేసరికి మొదటి వైపు మేకు బయటికొచ్చింది. దాన్ని కొడితే ఇది, దీన్ని కొడితే అది. గోడకు అటువైపున్న పొరుగాయన, లోపలికి రమ్మంటున్నారేమోనని వచ్చి తలుపు తట్టాడు.

తర్వాత తలుపు. చివరి పూత అంచుల వెంట దట్టంగా పట్టించి, వెనక్కి జరిగి తృప్తిగా చూసుకుంటుంటే లోపలి నుంచి గొంతు వినిపించింది.

"అల్లుడుగారూ, తలుపు రావడం లేదు."

"కాస్త ఆరనివ్వండి మామగారూ!"

"నన్నా, తలుపునా?"

భుజంతో తోసుకుని బయటపడ్డ మామగారి బనీను సగం ఆకుపచ్చ. "ఈ తలుపు పూర్తయినట్టేనా?" అని కూతుర్ని అడిగారు. "ఇంకా మిగిలుంటే బనీను విప్పుతాను, రంగు పిండుకోవచ్చు."

ఆదివారం సాయంత్రానికి బల్బు వెలిగింది, సైకిలు కిందికి దిగింది. లైబ్రేరియన్ గారు వరండాలోకి వెళ్లి కుర్చీ చట్రాన్ని రెండు చేతులా ఎత్తారు.

"ఎక్కడికి?" అంది భార్య.

"అటక మీదికి. పేజీ లేదు. వేరే అల్లిక వేస్తే అది అమ్మ కుర్చీ కాదు. ఇదీ మూసేసినట్టే."

"దించండి."

"రూలు..."

"దించండి అన్నానా! చేతులు కడుక్కుని ఇలా రండి."

ఆవిడ కంప్యూటర్లో తన పేరుతో లోపలికి వెళ్లింది. పైఅంచున ఒకే ఒక్క ట్యాబు. దానికి ఎడమపక్కన చిటికెనవేలి గోరంత ఇంకొకటి. దాని మీద నొక్కింది. తెర నిండా వైరు అల్లిక, నడుమ నక్షత్రం.

"ఇది నీ దగ్గరెలా..."

"నా లాగిన్ వేరు కదండీ. నేను తెరిచేది ఒక్కటే. మళ్లీ కావాల్సింది దాచుకుంటా, పనైపోయింది మూసేస్తా. నాలుగు గేర్లూ ఒకేసారి వేస్తే బండి కదులుతుందా? ఇదిగో, దీన్ని మాత్రం మీ తెర మీద చూసి నా దాంట్లో పిన్ను గుచ్చినట్టు గుచ్చి పెట్టా. ఇది లెక్కలోకి రాదు."

"అంటే గురువారం నేను ఊడ్చినవి..."

"కుళాయి బిగించడం ఎలా, మేకు కొట్టడం ఎలా, తలుపుకు రంగు వెయ్యడం ఎలా. మంచం కిర్రుమంటే ఏం చెయ్యాలి. మీ పరుపులావిడ అందులో ఉండేది. అన్నీ తమరివే."

పేపరు వణికింది. వెనక మామగారు నవ్వుతున్నారు.

"పేజీ ఉందని ఆ రోజే చెప్పొచ్చుగా!"

"చెబితే కుళాయి బాగయ్యేదా?"

ఆయన తల గోక్కున్నారు. వేళ్లకున్న ఆకుపచ్చ జుట్టుకంటింది. "అసలు ఆ పేజీని ఎందుకు గుచ్చి పెట్టావు?" అన్నారు.

"రోజూ తెరిచి చూస్తారు, వైరు ముట్టకుండా లేచిపోతారు. ఏదో ఒకనాడు మీ చేత్తో మీరే పోగొట్టుకుంటారనిపించింది."

"కొత్త వైరు బిగుతుగా ఉంటుందోయ్. అమ్మ కూర్చునే చోట కొంచెం లోతుండేది."

"కూర్చోగా కూర్చోగా పడుతుంది లెండి."

ఇప్పుడు ఆ ఇంట్లో కుళాయి కారడం లేదు. అర రెండు వైపులా నిలబడే ఉంది. మామగారి బనీను ఎన్ని ఉతుకులకూ తెల్లబడలేదు. ఆయన దాన్నే కావాలని తొడుక్కుని అల్లుడి ఎదురుగా కూర్చుంటున్నారు. లైబ్రేరియన్ గారు తెల్ల వైరు చుట్ట కొనుక్కొచ్చి చట్రం మీద పెట్టారు. కుర్చీ ఇంకా అల్లలేదు.