ఒక బంతి వెనక

ఆ రోజు పొద్దున్న కాఫీ తాగుతూ మైకుసెట్టు ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం స్టేడియంలో జిల్లా జట్ల ఇరవై ఓవర్ల టోర్నీ మొదలు. మొట్టమొదటి సీజన్, మొట్టమొదటి మ్యాచ్. ఫోర్ కొడితే డప్పులు, సిక్సర్ కొడితే బాకా, వికెట్ పడితే ఒక ఏడుపు రాగం వినిపించాలి. ఈ ఒక్క మ్యాచ్ సవ్యంగా గడిస్తే సీజన్ మొత్తం ఆయన స్పీకర్లే మోగుతాయి. లేదంటే ఆ పని పక్కవీధి మైకుసెట్టు వాడికి పోతుంది. ఆ పక్కవీధి వాడు అప్పుడే రెండుసార్లు వచ్చి టోర్నీ సెక్రటరీగారికి నమస్కారం పెట్టి వెళ్ళాడు.

చిక్కల్లా ఒక్కటే, ఆయనకి క్రికెట్ రాదు. బుద్ధెరిగాక ఒక్క ఓవర్ కూడా పూర్తిగా చూసిన పాపాన పోలేదు. ఈ పని కుదిర్చిన బావమరిది మాత్రం సెక్రటరీగారి దగ్గర, మా బావకి క్రికెట్ కొట్టిన పిండి అని ధారాళంగా కోతలు కోసి వచ్చాడు.

ఆ ఇంట్లో క్రికెట్ తెలిసింది ఆయన భార్యకి. కూర కలుపుతూ కూడా గరిటె చూపించి ఫీల్డర్లని సర్దే మనిషి. మొదటి మ్యాచ్ మైదానంలో కూర్చుని చూడాలని ఆవిడకి ఎంతో ఆశ. తనూ వస్తానంది, పక్కన కూర్చుని చెబుతానంది. ఆ గదిలో వైర్లూ అవీ ఉంటాయి, నీకెందుకు శ్రమ అన్నాడాయన. అసలు సంగతి వైర్లు కాదు. పెళ్ళాం చెబితే మొగుడు మీటలు నొక్కుతున్నాడని పక్కవీధి వాడికి తెలిస్తే ఇక తలెత్తుకు తిరగలేడు. ఆవిడ మొహం చిన్నబోయింది. చివరికి, ఆవిడ ఇంట్లో టీవీ సౌండు తగ్గించి చూస్తూ ఫోన్లో చెప్పేటట్టూ, ఆయన చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని నొక్కేటట్టూ రాజీ కుదిరింది. మూడు మీటలకీ మూడు రంగుల కాగితాలు ఆవిడే అంటించి ఇచ్చింది.

ఏర్పాటు బ్రహ్మాండంగానే ఉంది. సౌండు గది కిటికీకి అడ్డంగా, బ్యాట్స్‌మన్‌కి బంతి స్పష్టంగా కనబడాలని నిలబెట్టిన పెద్ద నల్ల తెర ఉంది. దాని వీపు తప్ప ఆయనకి ఇంకేమీ కనబడదు. జనం అరుస్తారు నిజమే, కానీ జనం అన్నిటికీ అరుస్తారు. కాబట్టి చెవిలో భార్య మాటే వేదం. అయితే ఆ ఇద్దరికీ తట్టని సంగతి ఒకటుంది. కొత్త టోర్నీ కదా, చూపించే ఛానెల్ కూడా కొత్తదే. ఒక బంతి వాళ్ళింటి టీవీలోకి వచ్చేసరికి మైదానంలో తర్వాతి బంతి పడుతోంది.

మూడో బంతికి ఓపెనర్ సిక్సర్ కొట్టాడు. స్పీకర్లు కిక్కురుమనలేదు. నాలుగో బంతిని అతను బుద్ధిగా కాళ్ళ దగ్గర ఆపుకోగానే బాకా స్టేడియం దద్దరిల్లేలా మోగింది. జనం నవ్వారు. ఓపెనర్‌కి ఒళ్ళు మండి, తర్వాతి బంతిని గుడ్డిగా బాది బౌల్డయ్యాడు. అప్పుడూ నిశ్శబ్దమే. అతను వెళ్ళిపోయాక కొత్త బ్యాట్స్‌మన్ ఉత్సాహంగా లోపలికి అడుగు పెట్టాడు, ఏడుపు రాగం అందుకుంది. పాపం, అతను అక్కడే ఆగి, తనకి తెలియకుండా ఏమైనా జరిగిందా అని చుట్టూ చూశాడు.

ఇంకాసేపటికి, పరిగెత్తుకొస్తున్న బౌలర్ నడినెత్తిన డప్పులు మోగాయి. అడుగు తడబడి, బంతి చేతిలో ఉండగానే బౌలర్ కిందపడ్డాడు. రెండు జట్ల కెప్టెన్లూ కలిసే అంపైర్ దగ్గరికి వెళ్ళారు. ఇద్దరిదీ ఒకే ఫిర్యాదు, సౌండు వాడు అవతలి జట్టు మనిషని. అంపైర్ ఆట ఆపి సెక్రటరీగారికి కబురంపాడు. సెక్రటరీగారు బావమరిదిని చూసిన చూపుకి అతను ఆగమేఘాల మీద సౌండు గదిలోకి వచ్చిపడ్డాడు.

"పరువు తీస్తున్నావు బావా. మిషను పాడైందని మైకులో చెప్పెయ్."

ఆయనకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆవిడ చెప్పిన మరుక్షణం నొక్కుతున్నాడు, తప్పెక్కడుందో బోధపడలేదు. మైకు ఆన్ చేసి, అంతరాయానికి చింతిస్తున్నామని చెప్పాడు. ఆ కంగారులో మోచెయ్యి తగిలి ఇయర్‌ఫోన్ వైరు తెగింది. చేసేది లేక ఫోన్‌ని స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచాడు. ఉంచింది సరిగ్గా మైకు పక్కన. మైకు ఆపడం మర్చిపోయాడు.

ఆట మళ్ళీ మొదలై ఒక బంతి పడింది. బౌలర్ పరుగు అందుకోబోతుండగా స్టేడియం నాలుగు మూలల నుంచీ ఒక ఇల్లాలి గొంతు తాపీగా వినబడింది.

"ఏవండీ, ఈ కొత్తబ్బాయికి గుండెల మీదికి లేచే బంతి ఆడడం రాదు. మొన్న ప్రాక్టీస్ మ్యాచ్‌లోనూ అలాగే పోయాడు. ఆ బౌలర్ అది మానేసి కాళ్ళ దగ్గర వేస్తాడేమిటి, ఎవరైనా చెప్పకూడదూ?"

బౌలర్ ఆగాడు. కాస్త ఆలోచించాడు. వెనక్కి వెళ్ళి, పరిగెత్తుకొచ్చి, బంతిని నేలకేసి బలంగా కొట్టాడు. అది గుండెల మీదికి లేచింది. కొత్తబ్బాయి కళ్ళు మూసుకుని బ్యాట్ ఊపాడు, క్యాచ్ వెళ్ళిపోయింది. స్టేడియం విరగబడి నవ్వింది. సౌండు గదిలో బావా బావమరుదులకి ఆ నవ్వు ఎందుకో అర్థం కాలేదు.

ఆట ఎందుకాగిందో విందామని ఆవిడ టీవీ సౌండు పెంచుకుంది, ఇంతలో గొంతు మారింది.

"ఏవండీ, టీవీలో ఎవరో అచ్చం నాలాగే మాట్లాడుతోంది. నేనన్న మాటే అంటోంది." టీవీ దగ్గరికి జరిగింది. "నేనే. ఎప్పుడో అన్నది ఇప్పుడా వచ్చేది? అయితే ఇంతసేపూ మనం పాత బంతులకి నొక్కుతున్నామన్నమాట. వస్తానంటే విన్నారా మీరు?"

ఈ ముక్క కూడా స్టేడియమంతా విని చప్పట్లు కొట్టింది. మూడో వరసలో కూర్చున్న పక్కవీధి వాడు లేచి నిలబడి మరీ విన్నాడు.

సెక్రటరీగారు తలుపు తోసుకుని వచ్చి, ముందు మైకు కట్టేశారు. తర్వాత ఎవరావిడని అడిగారు. సీజన్ ఎలాగూ పోయింది, పరువూ పోయింది, ఇక దాచడానికి ఏం మిగిలిందని ఆయనకి అనిపించింది.

"మా ఆవిడండీ. నాకు క్రికెట్ రాదు."

అనేశాక గుండె తేలికపడింది. ఆశ పెట్టుకున్న మనిషిని ఇంట్లో కూర్చోబెట్టినందుకు సిగ్గూ వేసింది. బావమరిది గోడవైపు తిరిగి వైర్లు శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.

"రేపట్నుంచి ఆవిణ్ణి పంపండి. మైకూ మీటలూ సీజనంతా ఆవిడవే. బౌలర్లకి సలహాలు మాత్రం వద్దని చెప్పండి" అన్నారు సెక్రటరీగారు.

"మరి నేనండీ?"

"స్పీకర్లు బిగించి ఇంటికెళ్ళండి."

మర్నాడు ఆవిడ నల్ల తెర పక్కన, మైదానమంతా కనబడే చోట కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఆయన పొయ్యి మీద కూర పడేసి టీవీ ముందు చేరాడు. ఆవిడ గొంతు వినబడుతుంటే గర్వంగానే ఉంది. అంతలో ఓపెనర్ కొట్టిన బంతి గాల్లో లేచి జనంలో పడింది. అది సిక్సరని ఎవరూ చెప్పకుండానే ఆయనకి తెలిసిపోయింది. ఆ సంతోషం పట్టలేక వెంటనే భార్యకి ఫోన్ చేసి చెప్పాడు.

"అతను ఔటైపోయాడండీ, కూర చూడండి" అందావిడ.