బ్రేకు మార్పుకు పశువైద్యుని ధ్రువీకరణ

నాగరికత అంటే వేగం కాదు. వేగాన్ని ఆపేందుకు ముందుగా అనుమతి కోరడం. కొండబాట వాహన నియంత్రణ మండలి ఈ సత్యాన్ని కనిపెట్టక పూర్వం పెనుకొండ కొండ దిగేవారు, బ్రేకు అరిగితే బ్రేకు మార్చుకునే ఆటవిక దశలో ఉండేవారు.

హిందూపురం జూనియర్ కళాశాలలో కామర్స్ చెప్పే ఉషారాణికి ఒక మౌంటెన్‌బోర్డు ఉంది. మూడడుగుల పలక, కింద గాలి నింపిన నాలుగు చక్రాలు, పాదాలకు రెండు పట్టీలు, చేతిలో బ్రేకు పిడి, అంతే వాహనం. ఆదివారాలు దానిమీద నిలబడి కొండబాట దిగుతుంది. పోయిన నెల తీగె బ్రేకు ఆమెను పట్టలేదు, కంపచెట్లు పట్టాయి. మోచేతికి ఏడు కుట్లు పడ్డాయి. ఆయిల్‌తో పనిచేసే డిస్క్ బ్రేకులు తెప్పించుకుంది. కాని అనుమతి లేకుండా భాగాలు మార్చిన వాహనాన్ని కొండబాట గేటులోకి రానివ్వరు. దిగుడు పోటీ పదహారు రోజుల్లో ఉంది. పోటీ బాట చివరి మలుపులో కంపచెట్లు లేవు, బండరాళ్లున్నాయి.

మండలి హిందూపురం కౌంటరులో గుమాస్తా గంగాధరప్ప బోర్డును బోర్లించి చూశాడు.

"ఇంజను యాడుండాదమ్మా?"

"లేదు సార్."

"మళ్ల ఎట్ల పోతాది?"

"కొండ కిందికి దానంతట అదే పోతాది. తంటా అదే."

గంగాధరప్పది తంటాలు వినే సీటు కాదు (ఆ సీటు ధర్మవరం హెడ్డాఫీసులో ఉంది, ఖాళీగా). చెక్క ఉంది, చక్రాలున్నాయి, ఇంజను లేదు. కనుక నాలుగో పట్టిక ప్రకారం ఇది ఎద్దుల బండి అని తేల్చాడు. బండి ఫారంలో పదకొండో గడి 'లాగు పశువు'. ఖాళీ గడిని కంప్యూటరు ఒప్పుకోదు.

"ఎద్దు లేదు సార్."

"అయితే దీన్ని కొండమీదికి ఎవరు తీసకపోతారు?"

"నేనే. భుజాన ఏసుకోని."

"అట్ల చెప్పు మరి," అని ఆయన పదకొండో గడిలో ఆమె పేరు టైపు చేశాడు. కంప్యూటరు ఒప్పుకుంది.

పశువే యజమాని కావడం నిబంధనలకు విరుద్ధం. కనుక యజమాని గడిలో, తలుపుల అనే ఊళ్లో వ్యవసాయం చేసుకునే ఆమె నాయన నరసింహులు పేరు చేరింది. (బోర్డు ఆమె జీతంతో కొన్నదన్న వివరానికి గడి లేదు.)

"ఏం బిడ్డా, మన కోడెకు గూడా ఇన్ని సంతకాలు పెట్టలేదే," అన్నాడు ఆయన.

"కోడె బ్రేకు అడగలేదులే నాయనా."

లాగు పశువుకు ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి. అది ఇచ్చే పెనుకొండ పశువైద్యుడు తిమ్మరాజు మర్యాదస్తుడు. పరీక్ష జరిగినంతసేపూ ఆమెను మేడం అనే పిలిచాడు. పళ్లను బట్టి వయసు రాశాడు. పశువుకు పైదవడన ముందుపళ్లుండవు, ఆమెకున్నాయి. దాన్ని అదనపు ఆరోగ్యంగా నమోదు చేశాడు. చెవులు ఇదివరకే కుట్టించినందున ట్యాగు మినహాయించాడు. చివర 'దృఢకాయము, శాంత స్వభావము' అని రాశాడు.

"శాంతమని మీకెవరు చెప్పినారు?"

"లేదంటే మళ్ల పరీక్షకు రావల్ల మేడం."

ఆమె శాంతించింది.

పదిహేనో రోజు ధర్మవరం నుంచి ఉత్తర్వు వచ్చింది, యజమాని పేర. నరసింహులు ఫోనులో కూతురికి చదివి వినిపించాడు: 'లాగు పశువు దృఢముగా నున్నట్లు వైద్యుడు ధ్రువీకరించినందున, బండిని అదియే నిలువరించగలదు. కొత్త బ్రేకు అనవసరము. పాత బ్రేకుతో దిగుటకు అనుమతించడమైనది. పశువు కాలు విరిగిన పక్షమున యజమాని తాజాగా దరఖాస్తు చేసుకొనవచ్చును.'

"పోవద్దులే బిడ్డా."

"పోకుంటే పశువు మొరాయించిందని రాస్తారు నాయనా."

పోటీనాడు గేటు దగ్గర సిబ్బంది పాత బ్రేకును శ్రద్ధగా తనిఖీ చేశారు. రికార్డులో ఉన్నంతగా అరిగి ఉందని నిర్ధారించుకుని ఆమెను లోపలికి వదిలారు. భద్రత విషయంలో మండలి ఏ లోటూ చేయలేదు: బండరాళ్ల మలుపులో పశువుల అంబులెన్సును సిద్ధంగా నిలబెట్టింది.