మ్యూజియానికి అయిదు పొరల ముస్తాబు

నవ్వనంటే చెబుతాను. నవ్వినా చెబుతాను. ఎలాగూ మా ఆవిడ ఈపాటికే సగం వీధికి చెప్పేసింది.

వాచీలు బాగుచేసుకునే నాకు ముప్ఫై ఏళ్ళుగా ఒకటే కోరిక. దూరాన ఒక ఊరి మ్యూజియంలో నిలువెత్తు పాత గడియారం ఒకటుంది. రోజూ పదకొండింటికి దాని వెనక తలుపు తీసి, చూడవచ్చినవాళ్ళలో ఒక్కరిని పిలిచి కీ తిప్పిస్తారు. ఈ వేసవిలో ఆ ఊరు వెళ్ళాం. ఉండేది ఒక్క పూటే. ఆ ఒక్కరూ నేనే కావాలి!

లోపల ఏసీ ఎముకలు కొరికేస్తుందని ముందే విన్నాం. మా ఆవిడ టైలరు. బట్టల విషయంలో ఆవిడ మాటకు తిరుగులేదు, అందుకే నాకు తిరగబడాలనిపిస్తుంది.

"వదులుగా, పల్చటి నూలు చొక్కా వేసుకోండి. శాలువాలు సంచిలో పెడతాను. లోపలికెళ్ళాక కప్పుకోవచ్చు" అంది.

"సంచి మోసేదెవరు? అన్నీ ఒంటిమీదే వేసుకుంటే సంచే అక్కర్లేదు. కావాలంటే నీ శాలువా ఒక్కటే పెట్టుకో!"

బనియను, దానిమీద ఉన్ని బనియను, ఆపైన పొడుగు చేతుల చొక్కా, స్వెటరు, అన్నిటిమీదా పెళ్ళినాటి కోటు. అద్దంలో మనిషి కనబడలేదు గానీ బందోబస్తు కనబడింది.

"ఏమండీ, మ్యూజియం చూడ్డానికా, అందులోనే ఉండిపోవడానికా?"

"చూస్తూ ఉండు. లోపలికెళ్ళాక నువ్వే కుళ్ళుకుంటావు!"

తొమ్మిదిన్నరకు క్యూలో నిలబడ్డాం. నీడన్నది లేదు. ఎండ మాడు పగలగొడుతోంది. పావుగంటకు బనియన్లు తడిశాయి. అరగంటకు చొక్కా తడిసింది. గంటయ్యేసరికి స్వెటరు కూడా చేతులెత్తేసింది.

"కోటైనా విప్పండి మహాప్రభో!"

"విప్పితే పట్టుకునేదెవరు? ఇవి కీ తిప్పాల్సిన చేతులు!"

వెనకనున్న పెద్దావిడ జాలిపడి, "అమ్మాయ్, మీ ఆయనకు జ్వరమా?" అని అడిగింది.

"కాదు పిన్నిగారూ, తెలివి" అంది మా ఆవిడ.

ఎట్టకేలకు గుమ్మం దగ్గరికి చేరాం. తనిఖీ యంత్రం కుయ్యోమంది. మీసాల గార్డు నన్ను ఎగాదిగా చూశాడు.

"జేబుల్లో ఏమున్నాయి?"

"ఏ పొర జేబులో?"

కోటులోంచి భూతద్దం, స్వెటరులోంచి పట్టకారు, చొక్కాలోంచి బుల్లి స్క్రూడ్రైవరు బయటపడ్డాయి. గడియారం మొరాయిస్తే నేను ఆదుకోవద్దూ మరి?

గార్డు కరగలేదు. "పనిముట్లు లోపలికి కుదరవు. ఆ కోటూ స్వెటరూ నీళ్ళు కారుతున్నాయి, నేలంతా పాడైపోతుంది. అన్నీ కౌంటర్లో పెట్టి వెళ్ళండి."

పదకొండుకు అయిదు నిమిషాలుంది. అన్నీ అక్కడ పడేసి, తడి చొక్కాతో పరుగెత్తాను. తలుపు దాటానో లేదో, ఏసీ గాలి తడి బట్టమీద కొట్టింది. ప్రాణం జివ్వుమంది. పళ్ళు టకటకలాడుతున్నాయి. నా పక్కన మా ఆవిడ సంచి తెరిచి, శాలువా తీసి, పొందిగ్గా కప్పుకుంది.

గడియారం చూసుకునే పెద్దాయన వెనక తలుపు తీశాడు. అబ్బబ్బ! ఇత్తడి చక్రాలు ఒకదాన్నొకటి పట్టుకుని మెల్లగా కదులుతున్నాయి. చలి మరిచిపోయాను. మరిచింది నేనే, ఒళ్ళు కాదు.

"కీ ఎవరు తిప్పుతారు?" అన్నాడాయన.

"నే... నే... నే... నేను!"

"ఏదీ, చెయ్యి చూపించండి."

చూపించాను. రెండు చేతులూ ఎవరో ఊపుతున్నట్టు ఊగిపోతున్నాయి.

"బాబుగారూ, ఇది ముసలి గడియారం. ఈ వణుకుని తట్టుకోలేదు" అని పక్కకు తిరిగి, "అమ్మా, మీరు రండి" అన్నాడు.

మా ఆవిడ నా వంక చూసింది. శాలువా తీసి నా భుజాలచుట్టూ కప్పింది. నా తరఫున వద్దంటుందని పొంగిపోయాను. ఆవిడ చక్కా వెళ్ళి కీ అందుకుంది!

"ఎటు తిప్పాలండీ?" అని అక్కణ్ణుంచి నన్నే అడిగింది.

"కుడికి! మెల్లగా! బిగిసే దగ్గర ఆపెయ్! అదీ, అదీ!" గులాబీపూల శాలువాలో గెంతుతూ అరిచాను. ఆవిడ చెయ్యి ఒక్కసారి కూడా తడబడలేదు. గంట ఖంగున మోగింది. నాకు ఏడుపొచ్చింది. సగం ఆనందం, సగం ఉక్రోషం.

మా కొట్టులో ఆవిడ కుట్టుమిషనూ నా బల్లా పక్కపక్కనే. కీ తిప్పింది ఆవిడేనని విని, ఇప్పుడు వాచీ తెచ్చినవాళ్ళు దాన్ని ఆవిడ ముందు పెట్టి, "దీనికేమైందంటారమ్మా?" అని అడుగుతున్నారు. ఆవిడ చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని విని, "భయం లేదు. ఆయన చూస్తారులెండి" అంటోంది.

నేను చూస్తున్నాను.