బల్లి పలికితేనే తలుపు

ఒక పెద్ద అడవిలో, ఒక గుహలో చిన్న తేనె కంపెనీ ఉండేది. చిన్నదని పైకి ఎవరూ అనేవారు కాదు. ఎందుకంటే బోర్డు గుహ కంటే పెద్దది.

యజమాని ఎలుగుబంటి నల్లబ్బాయి గారు. ఏ చెట్టున ఏ తేనెపట్టు ఎప్పటికి పండుతుందో రాసిన తాటాకు ఒకటి గుహలో భద్రంగా ఉండేది. కంపెనీ అంటే ఆ తాటాకే. మిగతాదంతా బోర్డు.

గుహ ముందు కాపలా తీతువు పిట్ట తిరపతమ్మది. అడుగు చప్పుడు విని వచ్చేవాడు చుట్టమో దొంగో చెప్పేసేది. దొంగైతే అడవి అదిరేలా కూసేది. జీతం రోజుకి గుప్పెడు పురుగులు. వాకిట్లో గులకరాళ్ల మధ్య ఒక క్వార్టరు కూడా ఇచ్చారు. అందులో ఆవిడ నాలుగు గుడ్లు పెట్టుకుంది. ఏది రాయో ఏది గుడ్డో ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు. పిల్లలు కావడానికి ఇంకా పది రోజులుంది.

ఆ నెల రెండు పట్లు దొంగలపాలయ్యాయి. పెళ్లివిందులో నల్లబ్బాయి గారు ఇప్పసారా పుచ్చుకుని పట్ల గురించి గొప్పలు చెప్పుకున్న మర్నాడే పోయాయి. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. జీతం తీసుకునేవాళ్లు అలాంటివి ఎత్తరు.

దాంతో ఊసరవెల్లి రంగారావు సలహాదారుగా దిగాడు. వచ్చేటప్పుడు ఆకుపచ్చగానే ఉన్నాడు. నల్లబ్బాయి గారికి నమస్కారం పెట్టేసరికి నల్లబడ్డాడు.

"మీ గేటు దగ్గర ఏం జరుగుతోందండీ? ఈవిడ వినాలి, ఆలోచించాలి, అరవాలి. మధ్యలో ఆలోచన ఉన్నచోటల్లా ప్రమాదమేనండి. మా బల్లి అసలు ఆలోచించదు."

"మీ బల్లా?"

"మా పెద్దమ్మ కొడుకండి. అయినా పనిలో నేను బంధుత్వం చూడను."

పద్ధతి ఏమిటో రంగారావు వివరించాడు. వచ్చినవాడు ద్వారబంధం కింద నిలబడి తానెవరో, ఎందుకొచ్చాడో చెప్పాలి. అది నిజమైతే పైనున్న బల్లి పలుకుతుంది. ఆ పలుకు వినగానే గేటుకి అడ్డంగా ఉన్న తాబేలు తనంతట తనే పక్కకి జరుగుతుంది. అంతా ఆటోమేటిక్.

"పలక్కపోతే?" అన్నారు నల్లబ్బాయి గారు.

"మీద పడుతుందండి. కుడి భుజమ్మీద పడితే రేపు రమ్మని. ఎడమ భుజమైతే వచ్చే నెల. నెత్తిన పడితే జీవితకాల నిషేధం. శాస్త్రంలో ఉన్నదేనండి."

"మరి మన తిరపతమ్మ?"

"ఆవిడ కూస్తే సిస్టం అదురుతుందండి. పైగా తీతువు కూత అపశకునం. క్వార్టరు ఖాళీ చేయించెయ్యండి."

తిరపతమ్మ గుడ్ల మీంచి లేవకుండానే దణ్ణం పెట్టింది. "అయ్యగారూ, పది రోజులు ఓపిక పట్టండి. ఇప్పుడు కదిపితే మురిగిపోతాయి."

"సరే, ఉండు. నోరు మాత్రం విప్పకు. కూశావో, ఆ పూటే ఖాళీ."

మంచి ముహూర్తం చూసి కొబ్బరికాయ కొట్టారు. మొదటి అడుగు యజమానిదే కావాలని అందరూ పట్టుబట్టారు.

"నేను నల్లబ్బాయిని. ఈ కంపెనీ నాది."

బల్లి పలకలేదు. కంపెనీ ఆయన భార్య పేరున ఉంది.

బల్లి ఎగిరి ఆయన నెత్తి మీద పడింది. నల్లబ్బాయి గారి మొహం మాత్రం వెలిగిపోయింది.

"ఆహా, ఏం స్ట్రిక్టు! నన్నే రానివ్వలేదంటే ఇక దొంగవెధవ ఏం వస్తాడు!"

తర్వాత గుమాస్తా కుందేలు వచ్చి, "పని చెయ్యడానికి వచ్చానండి" అంది. బల్లి ఎడమ భుజమ్మీద పడింది. మేనేజరు కొండముచ్చు, "పొద్దున్నే బయల్దేరాను, దారిలో వాన పట్టుకుంది" అన్నాడు. ఎండ మాడ్చేస్తోంది. బల్లి వాడి నెత్తిన కూడా పడింది.

సాయంత్రానికి ఆఫీసంతా ఆరుబయటే ఉంది. రంగారావు రిపోర్టు చదివాడు. "మొదటి రోజే నలభై ఏడు దాడులు తిప్పికొట్టాం!" అందరూ చప్పట్లు కొట్టారు. కంపెనీ సిబ్బంది నలభై ఆరుగురు. నల్లబ్బాయి గారిని కలిపితే సరిగ్గా సరిపోయింది.

నాలుగో రోజు పట్టపగలు పునుగుపిల్లి వచ్చింది. అడుగు చప్పుడుకే తిరపతమ్మ ఈకలు నిక్కబొడుచుకున్నాయి. పునుగుపిల్లి ద్వారబంధం కింద వినయంగా నిలబడింది.

"నేను దొంగనండి. తాటాకు ఎత్తుకుపోదామని వచ్చాను."

బల్లి పలికింది. నాలుగు రోజులుగా నిజమన్నది వినక మొహం వాచి ఉందేమో, మూడుసార్లు పలికింది. తాబేలు జరగడం మొదలుపెట్టింది. అది జరిగేదాకా పునుగుపిల్లి సిబ్బందితో ఎండల గురించి మాట్లాడుతూ నిలబడింది.

"అయ్యగారూ, వాడు దొంగ!" అని తిరపతమ్మ గుసగుసలాడింది.

"వాడే చెప్పాడుగా, కొత్తగా నువ్వు చెప్పేదేముంది?" అన్నారు నల్లబ్బాయి గారు. "ఎంత పద్ధతిగా చెప్పాడో చూడు. మనవాళ్లలో అలాంటివాడు ఒక్కడున్నాడా?"

కాసేపటికి పునుగుపిల్లి తాటాకు నోట కరుచుకుని బయటికొచ్చింది. వెళ్లేవాళ్లకి తనిఖీ లేదు. తాబేలు మళ్లీ గేటుకి అడ్డంగా జరుగుతోంది.

తిరపతమ్మ గుడ్లని రెక్కల కింద గట్టిగా పొదువుకుంది. కూస్తే క్వార్టరు పోతుంది. క్వార్టరు పోతే నాలుగూ పోతాయి. ముక్కు బిగించింది. కానీ ఆవిడ అమ్మా అమ్మమ్మా అందరూ కాపలా కాసిన గొంతు అది, గుడ్ల మాట అది వినలేదు.

"తిత్తిరీ! తిత్తిరీ!"

అడవి అదిరింది. బల్లి పట్టు తప్పింది. సరుకు మోసే అడవిదున్న కోసం పెట్టిన కుడితి తొట్టి సరిగ్గా కిందే ఉంది. అడవందరికీ శకునం చెప్పే బల్లి అందులో పడింది. నలభై ఏడుగురూ తొట్టి దగ్గరికి పరిగెత్తారు. దొంగ వెంట ఎవరూ పరిగెత్తలేదు.

బల్లిని తీసి, పిండి, ఆరేశారు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. అక్కడికక్కడే విచారణ పెట్టారు.

రంగారావు కుడితి రంగులోకి మారి చెప్పాడు: "సిస్టంలో తప్పు లేదండి. దొంగనన్నాడు, దొంగే. నూటికి నూరు శాతం కరెక్టు. తప్పంతా ఈవిడ కూతది, ఈ కుడితిది."

కుడితిని సస్పెండ్ చేశారు. తిరపతమ్మని ఆ పూటే ఖాళీ చెయ్యమని కుందేలు ఆర్డరు రాసింది.

"ముద్రేది?" అడిగారు నల్లబ్బాయి గారు.

"లోపలుందండి."

"తీసుకురా."

"నాకు వచ్చే నెల దాకా లేదండి. మీకైతే జీవితంలో లేదు."

"తాబేలుని జరగమను!"

"బల్లి పలికితే గానీ జరగదండి."

అందరూ బల్లి వైపు చూశారు. బల్లి తుమ్మింది. తుమ్మంటే ఏమిటో శాస్త్రంలో ఉంది గానీ, ఒప్పందంలో లేదు.

ముద్ర పడని ఆర్డరు చెల్లదు. కాబట్టి తిరపతమ్మ కదల్లేదు. చెప్పిన రోజుకి నాలుగు రాళ్లు పగిలి నాలుగు పిల్లలు లేచి నడిచాయి. రాగానే గుహ వైపు తిరిగి ఒక్కసారి కూశాయి. సిబ్బంది చెవులు మూసుకున్నారు. తిరపతమ్మ పిల్లల్ని వెంటేసుకుని, ఎవరూ అడక్కుండానే క్వార్టరు ఖాళీ చేసి వెళ్లిపోయింది.

అప్పటికి అడవిలో ఒక్క పట్టూ మిగల్లేదు. బోర్డు మీద మాత్రం కొత్త వాక్యం చేరింది: "పది రోజులుగా ఒక్క దొంగతనమూ లేదు."

నీతి: నిజం చెప్పేవాడికి ఏ తలుపైనా తెరుచుకుంటుంది, అందుకే సిబ్బంది బయటా, దొంగలు లోపలా ఉంటారు.