పాతికేళ్ళ నాటి సలాము

భూమ్మీద ఢిల్లీశ్వరరావుకు భయం వెయ్యని చోటంటూ లేదు. భూమి కింద మాత్రం ఆయన సింహం.

పేరు ఢిల్లీ, కాపురం కలకత్తా, సొంతూరు సోంపేట పక్కన. ముప్పై ఏళ్ళుగా కార్పొరేషను మురుగు కాలువల్లో పని చేసి చేసి మేస్త్రీ అయ్యాడు. ఆయన మ్యాన్‌హోల్లోకి దిగితే దూడలంతేసి పందికొక్కులు పక్కకు తప్పుకుని దారి ఇస్తాయని భవానీపూర్ క్వార్టర్సులో ప్రతీతి. ఆ ప్రతీతిని పుట్టించినవాడూ ఆయనే. ఒక ముసలి పందికొక్కయితే ఏకంగా దణ్ణం పెట్టిందట. ఒంటి చేత్తో పెట్టిందని ఆయనకు ఇప్పటికీ చిన్న కోపం.

ఇంతటి వీరుడూ పైకొచ్చి, ఒళ్ళు కడుక్కుని, ఇంటి గుమ్మంలో చెప్పులు విడిచేసరికి పిల్లి ముందు ఎలక. ఆ పిల్లి పేరు మంగాదేవి.

ఆ బుధవారం సాయంత్రం మంగాదేవి కుట్టు మిషను ముందు కూర్చుని, ఏదో నీలం కోటుకు జరీ అంచు వేస్తోంది. మెటియాబ్రుజ్ దర్జీల దగ్గర నుంచి ఆమెకు పని వస్తుంది. ఆ మిషను మీద ఎవరి బట్టలు ఎక్కి దిగుతాయో ఢిల్లీశ్వరరావు ఇన్నేళ్ళలో అడిగిన పాపాన పోలేదు. ఆయన చూపెప్పుడూ నేల కిందే.

"సెనివారానికి మన పెళ్ళయి పాతికేళ్ళు" అంది ఆమె, దారం పంటితో కొరికి.

"అప్పుడేనేటి? నిన్న గాక మొన్న కాదేటి..."

"మాట మార్సకు మావా. ఈపాలి నన్ను బ్లూ పెలికానుకి తీస్కెల్లాల."

ఢిల్లీశ్వరరావు తాగబోతున్న టీ గ్లాసు కింద పెట్టేశాడు.

తప్పు ఆయనదే. పెళ్ళిచూపుల నాడు పిల్ల ఎటూ తేల్చకుండా తల వంచుకుని కూర్చుంటే, ఉండబట్టలేక ఒక కోత కోశాడు. "పార్కు స్ట్రీట్లో బ్లూ పెలికానని దొరల హోటలుంది. నన్ను చూడగానే గుమ్మంలో దర్వాను సలాం కొడతాడు. మేనేజరు ఎదురొచ్చి, 'రావు బాబూ, మీరు లేకపోతే మా హోటలు ఒక్క రోజు నడవదు' అంటాడు." ఆ మాటకు మంగాదేవి తల ఎత్తింది. ఎత్తిన తల మళ్ళీ దించలేదు.

అందులో సగం నిజమే. ఆయన లేకపోతే హోటలు నడవదు, ఎందుకంటే వెనక సందులో దాని కాలువ బాగోగులు ఆయనవే. ముందు గుమ్మం దగ్గరికి మాత్రం జన్మలో ఒక్కసారి వెళ్ళాడు. కొరడా మీసాల దర్వాను నోరు కూడా విప్పకుండా, చూపుడువేలు చాపి వెనక సందు చూపించాడు. ఆ వేలు ఇప్పటికీ ఆయన కలల్లోకి ఒంటరిగా వచ్చి పోతుంటుంది.

శనివారం ఆ వేలు మంగాదేవి ఎదుట లేచిందా, అంతే సంగతులు. పాతికేళ్ళుగా తను చెప్పిన మాటలన్నిటికీ, పందికొక్కు దణ్ణంతో సహా, ఆమె ఒక్కొక్క మూతే తీసి చూస్తుంది.

"అది మూసీసినారే మంగా!" అన్నాడు గబుక్కున. "రిపేరు. గోడలన్నీ పగలగొట్టీసినారు. సూస్తే కడుపు తరుక్కుపోతాది."

"అయ్యో, అలాగేటి" అంది మంగాదేవి, మరీ సులువుగా. "అయితే ఇంకోటి ఎతుకుదుం. సమీరా, ఆ ఫోను తేయే."

సమీర వాళ్ళ అమ్మాయి. న్యూ టౌన్లో కంప్యూటరు ఉద్యోగం. ఫోన్లో వేలు పెట్టి లాగిందంటే హోటళ్ళు వరసగా కిందికి జారతాయి.

"నాన్నా, కొత్త బిర్యానీ ప్లేస్. నాలుగున్నర స్టార్లు!"

"పైనుంచి సూసినోల్లకి స్టార్లే అవుపిస్తాయమ్మా. కిందనుంచి నాను సూసినాను. ఆ డాల్డా గడ్డకట్టి, గునపం ఏస్తే గునపమే వొంగిపోనాది."

"చైనీస్?"

"నూడుల్సు కాలవకి అడ్డంపడి వల కట్టీసినాయి. అందులో రెండు సేపలు కూడా పడ్డాయి."

"పోనీ మా ఆఫీసు దగ్గర ఇరవయ్యో అంతస్తులో ఉంది. రూఫ్ టాప్!"

ఢిల్లీశ్వరరావుకు లిఫ్టు పేరు చెబితే చెమటలు పడతాయి. పాతాళానికైతే తాడు కట్టుకుని దిగుతాడు గాని, ఆకాశానికి ఎక్కమంటే నేలను వదలడు.

"కాలవ అవుపించని కాడ నాను ముద్ద ముట్టను" అన్నాడు గంభీరంగా.

ఇలా ఏడు హోటళ్ళను ఏడు మ్యాన్‌హోళ్ళలో పూడ్చి మూతలు వేశాడు. సమీర విసుగెత్తి ఫోను మూసింది. ఇంక కోడికూర, పెరుగన్నంతో ఇంట్లోనే గండం గడిచిందని ఆయన కుర్చీలో కాళ్ళు చాపుకున్నాడు.

మంగాదేవి మిషను తిప్పుతూనే నిట్టూర్చింది.

"ఇంత ఊర్లో కాలవ సుబ్బరంగా ఉన్న హోటలు ఒక్కటీ లేదన్నమాట. మరి ముప్పై ఏళ్ళు నువ్వు సేసిందేటి మావా?"

మగాణ్ణి ఏమన్నా పడతాడు, మేస్త్రీని అంటే పడడు.

"లేకేటి! బ్లూ పెలికాను కాలవ సూడు! అద్దమే! నీ జడ సూస్కుని దువ్వుకోవచ్చు. ఈ పొద్దున్నే సూసినాను, గిన్నెలు కడిగిన ఏడినీల్లు, నిమ్మకాయ వాసనతోటి, పొగలు కక్కుతా ఎలా పారతన్నాయనీ!"

మిషను ఆగింది.

"గోడలు పగలగొట్టీసిన హోటల్లో గిన్నెలెవులు కడుగుతన్నారు మావా?"

సమీర నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పరుగెత్తింది. ఢిల్లీశ్వరరావుకు తన నోటికే ఒక మూత ఉంటే బాగుండుననిపించింది.

శుక్రవారం డ్యూటీ దిగి, గుండె చిక్కబట్టుకుని, బ్లూ పెలికాను ముందు గుమ్మానికి వెళ్ళాడు. అదే దర్వాను. మీసాలు నెరిశాయి, నీలం కోటు వెలిసి మోచేతి దగ్గర చిరిగింది. వేలు మాత్రం నిన్న చేయించినట్టుంది.

"దాదా, ఒక్క మాట..."

వేలు లేచి వెనక సందు చూపించింది.

"అది కాదు దాదా, రేపు సాయంత్రం నేనొస్తే, ఒక్క సలాం..."

వేలు ఇంకా నిటారుగా లేచింది. ఆయన కాళ్ళు వాటంతట అవే సందులోకి నడిచాయి.

శనివారం పొద్దున జ్వరం తెచ్చుకున్నాడు. మంగాదేవి నుదురు ముట్టుకుని, "ఈ జొరానికి బ్లూ పెలికాను సూపే మందు" అంది. మధ్యాహ్నం మోకాలు పట్టేసిందన్నాడు. ఆమె ఇద్దరికీ టాక్సీ పిలిచింది.

టాక్సీ ఎక్కగానే వాన మొదలైంది. అలాంటిలాంటి వాన కాదు, ఒక్కో చినుకూ కొబ్బరికాయంత. ఢిల్లీశ్వరరావు ప్రాణం లేచి వచ్చింది. "తల్లీ కాళీమాతా, ఒక్క గంట పార్కు స్ట్రీట్లో నడుంలోతు నీళ్ళు నిలబెట్టు" అని మొక్కుకున్నాడు. మురుగు మేస్త్రీ పుట్టుక పుట్టినవాడెవడూ మొక్కని మొక్కు.

పది నిమిషాలు కుమ్మి వాన వెలిసింది. మరో ఐదు నిమిషాల్లో కాలువలు గటగటా తాగేసి, రోడ్డు తుడిచిన అరుగులా తేలింది.

"నీ సేతి కాలవలే గదా మావా! బలేగా లాగీసినాయి" అంది మంగాదేవి మురిసిపోతూ.

తన పనితనాన్ని తనే తిట్టుకోవడం ఆయనకు అదే మొదలు.

టాక్సీ ఆగింది. గుమ్మంలో దర్వాను నిలబడి ఉన్నాడు, తళతళలాడే కొత్త నీలం కోటు, జరీ అంచులు. చెయ్యి నెమ్మదిగా లేస్తోంది. ఢిల్లీశ్వరరావు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పాతికేళ్ళ కాపురం వెనక సందు పట్టడం చూడలేక.

ఠప్పున బూట్లు కలిసిన చప్పుడు.

"సలాం, రావు బాబూ!"

కళ్ళు తెరిచి, ఆ రావు బాబెవరా అని వెనక్కి తిరిగి చూశాడు. వెనక టాక్సీ తప్ప ఎవరూ లేరు.

లోపలి నుంచి బెంగాలీ మేనేజరు రెండు చేతులూ చాచి ఎదురొచ్చాడు. గొంతు సవరించుకుని, బడిపిల్లాడు పద్యం ఒప్పజెప్పినట్టు, తెలుగులోనే అన్నాడు:

"రావు బాబూ, మీరు లేకోపోతే మా హోటోలు ఒక్కో రోజు నోడవదు!"

సలాం కొట్టకపోతే ఎలాగా అని ఇన్నాళ్ళూ భయం. కొట్టాక అంతకు పదింతలు భయం. ఈ మర్యాదంతా ఎందుకు? వంటింటి కాలువ పొంగిందేమో, ఈ పెళ్ళి చొక్కాతోనే తనని దింపుతారేమో! వెయిటరు కుర్చీ లాగితే ఉలిక్కిపడ్డాడు. ఒళ్ళో గుడ్డ పరిస్తే, అది దింపుడు తాడేమోనని తడిమి చూసుకున్నాడు.

సూపు వచ్చింది, కాలువ కబురు రాలేదు. సగం తాగాక ఆయన వెన్ను నిటారైంది. మిగతా సగానికి మీసం మెలిబడింది.

"సూసినావా మంగా? పెల్లిసూపుల్లో నానేటి సెప్పినాను?"

"అవును మావా" అంది మంగాదేవి, చేపముక్క ముల్లు తీస్తూ.

"ఈ మేనేజరు నా కోసం తెలుగు కూడా నేర్సుకున్నాడు. ఎనకటికి గవర్నరొస్తే కూడా..."

అంతలో దర్వాను బల్ల దగ్గరికి వచ్చి, చేతులు కట్టుకుని, వంగి హిందీలో అడిగాడు. ఆయన్ను కాదు, ఆమెను.

"దీదీ, సలాం బాగా కొట్టానా? నిన్న ఈయనే రావు బాబని తెలియక వేలు చూపించాను. కోటు మాత్రం చంకలో కొంచెం పడుతోంది."

"ఏదీ, మళ్ళీ కొట్టు" అంది మంగాదేవి.

కొట్టాడు. ఆమె చంక కింద రెండు వేళ్ళు పెట్టి చూసింది. "ఇంకోసారి." మళ్ళీ కొట్టాడు. "అర అంగుళం వదులుతాను. మంగళవారం తీసుకురా." అతను ఈసారి తనంతట తనే ఆమెకొక సలాం కొట్టి వెళ్ళిపోయాడు.

ఢిల్లీశ్వరరావు మెలేసిన మీసాన్ని మెల్లిగా కిందికి దువ్వుకున్నాడు.

"ఎనిమిదేల్లయి ఈల్ల బట్టలన్నీ నానే కుడతన్నాను" అంది మంగాదేవి చల్లగా. "నాను ముందు గుమ్మంలోంచొచ్చి కొలతలు తీస్కుంతాను. నువ్వు ఎనక సందులోంచి ఎలిపోతుంతావు. కిటికీలోంచి సూస్తానే ఉన్నాను."

"మరి... అప్పుడే అడగలేదేటి?"

"నువ్వే సెప్తావని సూసినాను. సెప్పనేదు. నాను ఆ మాటకే గదా తలెత్తినాను మావా! అబద్దానికి మెడ వొంచి తాలి కట్టించుకున్నానని ఒకరితో అనిపించుకోడం నాకెందుకని, ఆ అబద్దాన్నే నిజం సేసీసినాను. ఆ మేనేజరుకి నీ మాట ఒప్పజెప్పించడానికే పది రోజులు పట్టినాది."

ఢిల్లీశ్వరరావు చూపు మళ్ళీ నేల కిందికి వెళ్ళిపోయింది. "మరి ఆ పందికొక్కు సంగతి..." అని నసిగాడు.

"దానికి మాత్రం నాను కోటు కుట్టలేను" అంది మంగాదేవి.

భోజనం ముగిసింది. సిగ్గుతో సగమై, తల వంచుకుని లేచిన ఢిల్లీశ్వరరావు కాళ్ళు అలవాటు కొద్దీ వంటింటి వైపు, అక్కణ్ణుంచి వెనక సందు వైపు దారి తీశాయి. నాలుగడుగులు వేశాడో లేదో, చొక్కా కాలరు వెనక నుంచి బిగిసింది.

"అటు కాదు మావా" అంది మంగాదేవి. "మన గుమ్మం ఇటు."